మేరియను కీటచిత్రములు: ప్రామాణ్యవిచారము

జరాయుజములు, అండజములు, స్వేదజములు, ఉద్భిజ్జములు నని ప్రాణికోటిని నాలుగు తెగలుగా విభజించుట భారతీయశాస్త్రములందుఁ బ్రసిద్ధము. ఈఁగ, దోమ, పేను, నల్లి మొదలగు క్షుద్రజంతువులు స్వేదజములని, అనఁగాఁ జెమటవలనను వేఁడిమివలనను బుట్టునవని మనుస్మృతి చెప్పుచున్నది. ఇట్టి యభిప్రాయము భారతదేశమునకే పరిమితమైనది కాదు. గ్రీకుతత్త్వవేత్త యరిస్టాటిలు కొన్ని పురుగులు మంచునుండియు, బురదనుండియు, పెంటనుండియుఁ దమంతఁ దామే పుట్టునని వ్రాసెను. ఆ మాట ఐరోపాఖండమున రెండువేల యేండ్లు చెల్లెను. ఇటలీదేశపు వైద్యుఁడు ఫ్రాంచెస్కో రెడి మాంసపుఁ బాత్రలపై బట్ట కప్పి, ఈఁగలు వ్రాలని మాంసమునఁ బురుగు పుట్టదని 1668లో నిరూపించెను. అంతకు నెనిమిదేండ్లు ముందే, 1660లో, జర్మనీలోని ఫ్రాంకుఫర్టు నగరమునఁ బదుమూఁడేండ్ల బాలిక యొకతె పట్టుపురుగులను బెంచి, వాని దశలను గనిపెట్టి చూచి, బొమ్మలు వ్రాయ నారంభించెను. రెడి పేరు పాఠ్యపుస్తకముల కెక్కినది. ఆ బాలిక పేరు శాస్త్రజ్ఞుల వాదములలో నొకప్పుడు పైకిని, నొకప్పుడు క్రిందికిని జరుగుచు వచ్చినది. ఆమె మారియా సిబిల్లా మేరియను.

మేరియను వ్రాసిన చిత్రములు మనోహరములనుటలో నెవ్వరికిని వివాదము లేదు. అవి ప్రమాణములా కావా యనునదే వివాదము. 18వ శతాబ్దమున స్వీడనుదేశపు శాస్త్రజ్ఞుఁడు లినేయసు ఆమె పటములను జూచి యనేకజాతులకు లక్షణములు వ్రాసి పేళ్లు పెట్టెను. 19వ శతాబ్దమున నొక పాదిరి యామె గ్రంథమును బటమునకుఁ బటము తప్పుపట్టి, నమ్మఁదగనిదానినిగా నిర్ణయించెను. 20వ శతాబ్దపుఁ గడపట మరల నామెకుఁ బట్టాభిషేకము జరిగినది. 1992లో జర్మనీదేశపు 500 మార్కుల నోటుపై నామె ముఖము ముద్రింపఁబడెను. 2002లో యూరోనోట్లు వచ్చువఱకు నది చెల్లినది. ఆ ఖండనమును, ఈ పట్టాభిషేకమును రెండును గొంత తొందరపాటులే. ఆమె చెప్పినదానిలో నేది కంటఁ జూచినది, ఏది చెవిని విన్నది, ఏది యూహించినది యని విడఁదీసి చూడక చేసిన నిర్ణయములవి.

ఆమె 1647 ఏప్రిలు 2వ తేదీని ఫ్రాంకుఫర్టులో జన్మించెను. తండ్రి మత్తేయసు మేరియను రాగిరేకులపై నగరదృశ్యములు చెక్కి ముద్రించుటలోఁ బేరు వడసినవాఁడు. కూఁతునకు నాలుగేండ్లు నిండకమునుపే 1650లో నతఁడు మరణించెను. తల్లి మఱుసటి యేఁడు యాకోబు మారెలను పూలచిత్రకారుని బెండ్లాడెను. మారుతండ్రి యను మాట కథలలో మంచిపేరు వహింపదు గాని, యీ మారెలే యామెకు గురువు. అతని కడను, అతని శిష్యుఁడగు అబ్రహాము మిన్యోను కడను నామె పూలను, పూలపై వ్రాలు పురుగులను వ్రాయ నేర్చెను. ఆ కాలపుఁ బూలచిత్రములలోఁ బురుగు కేవల మలంకారము. పూలకుండప్రక్క నొక సీతాకోకచిలుక, రేకుపై నొక మంచుబొట్టు, ఆకుచివర నొక గొంగళిపురుగు. ఇవి చేతినేర్పు చూపుటకును, జీవిత మశాశ్వతమని స్ఫురింపఁజేయుటకును వ్రాయుచుండిరి. ఆ గొంగళి యా యాకును దినునా, దానినుండి యా చిలుకయే వచ్చునా యని చిత్రకారుఁడు విచారింపఁడు. తెలుఁగుకావ్యములలోఁ దుమ్మెద లేని పూవు లేదు. ఐనను దుమ్మెద గ్రుడ్డెచ్చటఁ బెట్టునని యే కవియు నడుగలేదు, అడుగ నక్కఱయు లేదు. మారెలు చిత్రశాలలోని సీతాకోకచిలుకయు నట్టి కవిసమయమే. మేరియను దానిని విచారణకుఁ దెచ్చెను.

1665లో నామె మారెలు శిష్యుఁడైన యొహాను అంద్రేయాసు గ్రాఫును వివాహమాడి, 1670లో భర్తతో నతని యూరగు న్యూరెంబర్గునకుఁ బోయెను. ఆ నగరపుఁ జిత్రకారుల శ్రేణి తైలవర్ణములతోఁ జిత్రించు హక్కును స్త్రీల కీయలేదు. నీటిరంగులు, దూడతోలుతోఁ జేసిన సన్నని పత్రములు, బట్టపైఁ గుట్టుపని, ఇవియే వారికి విడువఁబడినవి. నిర్బంధమువలన వచ్చిన యీ సాధనమే పురుగులకుఁ దగిన సాధన మగుట విచిత్రము. ఱెక్కపైని పొడిని, గొంగళివంటి నూఁగును సన్నని కుంచెతోఁ దేలిన నీటిరంగు చూపినట్లు తైలవర్ణము చూపలేదు. ఆమె ధనికుల కుమార్తెలకుఁ జిత్రలేఖనమును, కుట్టుపనియు నేర్పుచు, మాదిరులకొఱకుఁ బూలపుస్తకమును 1675 మొదలు 1680 వఱకు మూఁడు భాగములుగాఁ బ్రకటించెను. ఇద్దఱు కుమార్తెలు గలిగిరి: 1668లో యొహన్నా హెలేనా, 1678లో దొరొతేయా మారియా. రెండవ బిడ్డకు సంవత్సరము నిండుకాలమున, 1679లో, ఆమె ముఖ్యగ్రంథములలో మొదటిది వెలువడెను.

దాని పేరునకు 'గొంగళిపురుగుల యద్భుతపరిణామము, వాని విచిత్రపుష్పాహారము' అని యర్థము. ఏఁబది పటములు, ప్రతిపటమునకు నొక చిన్న వ్యాఖ్య. 1683లో రెండవభాగము, మఱి యేఁబది పటములతో వచ్చెను. లాటినుభాషలోఁ గాక, ఇంటఁ బలుకు జర్మనుభాషలో వ్రాయఁబడుటచేతఁ బండితు లనేకులు దానిని వెంటనే లెక్కింపలేదు. మొదటి పటమునఁ బట్టుపురుగు, కంబళిచెట్టాకు. తరువాతి పటములలోఁ దోఁటలయందును, గోడలవెంబడిని, దారిప్రక్క కలుపుమొక్కలపైని దొరకిన పురుగులు. ప్రతిపటమునకు నడుమ నొక మొక్క. దానిపై గ్రుడ్లు, ఆకు కొఱుకుచున్న గొంగళి, కోశమునఁ బండుకొన్న దశ, ఱెక్కలు విప్పిన చిలుక. కొన్నిటఁ గొఱుకుడుపడిన యాకు కంతలతోఁ గూడఁ జిత్రింపఁబడినది. పూలచిత్రకారుఁ డెవ్వఁడును దన యాకును జెడఁగొట్టుకొనఁడు.

ఇది యెంతటి నూతనత్వమో యెఱుఁగుటకుఁ బూర్వగ్రంథములతోఁ బోల్చి చూడవలెను. డచ్చిచిత్రకారుఁడు యాను గొయెదార్టు 1660 దశకమునఁ బురుగుల పరిణామములను బుస్తకరూపమునఁ బ్రకటించియుండెను. అతఁడు గొంగళిని, కోశమును, చిలుకను వ్రాసెను గాని గ్రుడ్డును విడిచెను. ఆహారమైన మొక్కనును జూపలేదు. పురుగు తెల్లకాగితముపై, దేశకాలములు లేక, నిలిచియుండును. స్వామ్మర్డాము 1669 నాటి గ్రంథమునఁ బురుగు దేహములోని భాగములను గోసి చూచి, గొంగళిచర్మములోపలనే చిలుక యవయవములు మడఁగియున్నవని కనుఁగొనెను. అది మహత్తర మైన పరిశోధనము. కాని, యతనిదృష్టి దేహము లోపలికిఁ బోయెను. మేరియనుదృష్టి దేహము వెలుపలికిఁ బోయెను. ఏ పురుగు దేనిని దినును, ఏ యాకుపై గ్రుడ్డుపెట్టును, తన యాకు దొరకనిచో నెట్లు చచ్చును, వానకాలమున నేమి చేయును, ఇవి యామె ప్రశ్నలు. పెక్కు గొంగళులు తమ మొక్కను దప్ప వేఱొకదానిని ముట్టవని పెంపకము వలన నామె యెఱిఁగి వ్రాసెను. ప్రాణికిని దాని పరిసరములకును గల సంబంధమును బరిశీలించు శాస్త్రమునకు 1866లో హేకెలు 'ఎకాలజీ' యని పేరు పెట్టెను. పేరునకు 187 యేండ్లు ముందే చిత్రము పుట్టినది.

ఇచ్చట నొక విషయము సంస్కృతాంధ్రపండితులకు విశేషించి యాలోచింపఁదగినది. భ్రమరకీటన్యాయము వేదాంతగ్రంథములలోఁ దఱచుగా వినవచ్చునది. భ్రమర మొక పురుగును దెచ్చి గూఁటఁ బెట్టి మాటిమాటికి నాదము చేయఁగా, ఆ పురుగు భయముచే భ్రమరమునే ధ్యానించి ధ్యానించి తుదకు భ్రమరమే యగునని, అట్లే యుపాసకుఁ డుపాస్యమగునని దృష్టాంతము. దృష్టాంతముగా నది యెంత రమణీయమైనను, ప్రకృతిలో జరుగునది వేఱు. మట్టిగూఁడు గట్టు కందిరీఁగ గొంగళిని గుట్టి కదలకుండఁ జేసి, గూఁటఁ బెట్టి, దానిప్రక్కఁ దన గ్రుడ్డు పెట్టి, ద్వారము మూసి పోవును. గ్రుడ్డునుండి వచ్చిన పిల్ల యా గొంగళిని దిని పెరిగి, ఱెక్కలతో వెలికి వచ్చును. పురుగు లోపలికిఁ బోవుటయు, కందిరీఁగ వెలికి వచ్చుటయుఁ జూచినవారు నడుమ నేమి జరిగెనో చూడక, రెంటిని నొక్కప్రాణిగాఁ గట్టిరి. చూచినది నిజమే, కట్టిన సంబంధము తప్పు. ఐరోపాలోను నిట్టిదే జరిగినది. కొన్ని చిన్న కందిరీఁగలు బ్రదికియున్న గొంగళిదేహములోనే గ్రుడ్లు పెట్టును. అట్టి గొంగళినుండి చిలుక రాక, ఈఁగలవంటి పురుగులు గుంపుగా వచ్చును. గొయెదార్టు దీనిని జూచి, యొక్కజాతినుండి రెండుజాతులు పుట్టుచున్నవని తలఁచెను. మేరియనుకును దాని కారణము తెలియలేదు. కాని, యామె యా చిన్నయీఁగలను దన పటములలో గొంగళిప్రక్కనే వ్రాసి, వచ్చినవి వచ్చినట్లుగా వ్యాఖ్యలోఁ జెప్పెను. సిద్ధాంతమునకు లొంగనిదని సాక్ష్యమును దాఁచలేదు. తరువాతివారు కారణము కనుఁగొన్నప్పు డామె పటములు చెడలేదు. వానియర్థము మాత్రము తేటపడినది.

1681లో మారెలు మరణించుటచే నామె మరుసటి యేఁడు తల్లికిఁ దోడుగా ఫ్రాంకుఫర్టునకు వచ్చెను. 1680 దశకపు నడుమ తల్లితోను, ఇద్దఱు కుమార్తెలతోను ఫ్రీస్లాండులోని వీవర్డునందు లబాదీయులను మతసంఘమునఁ జేరెను. ఐహికభోగములు విడిచి, ఆస్తులను సమష్టిగా ననుభవించు సంఘమది. భర్త వచ్చి పిలిచినను నామె మరలిపోలేదు. 1692లో వివాహము రద్దయ్యెను. ఈ యుదంతమును గుఱించి జీవితచరిత్రకారులు చాల వ్రాసిరి గాని, చిత్రములకు దీనివలన వచ్చిన ఫలము వేఱు. సంఘము వారుండిన కోట సూరినామునకు గవర్నరుగా నుండిన సొమ్మెల్స్‌డెయికు కుటుంబమువారిది. దక్షిణామెరికాలోని యా డచ్చివలసనుండి వచ్చిన పురుగులు, పాములు అచ్చట నామె కంటఁబడెను. తల్లి 1690లో మరణించిన పిమ్మట నామె 1691లో ఆమ్‌స్టర్‌డామునకు వచ్చి, కుమార్తెలతోఁ జిత్రశాల నడపుకొనుచు, నగరపు ధనికుల వింతవస్తుశాలలను జూచెను. అందుఁ బెట్టెలలో సూదులు గ్రుచ్చిన చిలుకలు వేనవేలు. అవి యెట్లు పుట్టెనో, ఏమి తినెనో తెలుపునది యొక్కటియు లేదు. ఈ కొఱతయే తన్ను సూరినామునకుఁ బంపినదని యామె గ్రంథపీఠికలోఁ జెప్పుకొన్నది.

1699లో, ఏఁబదిరెండేండ్ల వయస్సున, తన చిత్రములను సేకరణములను విక్రయించి, మరణశాసనము వ్రాసి, చిన్నకుమార్తె దొరొతేయాతో నామె యోడ యెక్కెను. రాజు గాని వర్తకసంఘము గాని పంపిన ప్రయాణము కాదది. సూరినాములోని డచ్చివారికిఁ జెఱకు తప్ప వేఱు ధ్యాస లేదు. చెఱకు గాక మఱొకటి వెదకుచున్నందులకుఁ దన్నుఁ బరిహసించిరని యామె వ్రాసినది. పరమారిబోలో నివసించి, నదివెంబడిఁ బైకిఁ బోయి, అడవిలో గొడ్డళ్లతో బానిసలు దారి కొట్టఁగా నడచి, పురుగులను దెచ్చి, యింటఁ బెంచి, వ్రాసెను. ఆ దేశపు వేఁడిమి యోర్వరానిది. రెండేండ్లలో జబ్బుపడి, 1701 సెప్టెంబరులో ఆమ్‌స్టర్‌డామునకుఁ దిరిగి వచ్చెను. 1705లో 'సూరినాము కీటముల పరిణామము' అను గ్రంథమును, అఱువది నిలువెత్తు పటములతో, లాటినుననుఁ డచ్చిభాషలోను వేఱువేఱుగాఁ బ్రకటించెను. ఖర్చును దానే భరించెను. చెక్కడపుఁబని యధికభాగము వృత్తికారులచేఁ జేయించి, కొన్ని మాత్రము స్వహస్తమునఁ జెక్కెను. మొక్కల లాటినునామములను గాస్పరు కొమ్మెలిను సమకూర్చెను.

మొదటి పటము పూచిన యనాస; దానిపై బొద్దింకలు. పండ్లలో రాజని పేరుగల యనాసపై బొద్దింకను బెట్టుట యామె ధైర్యమునకు గుఱుతు. ఇంకను జామ, బొప్పాయి, కఱ్ఱపెండలము మొదలగు మొక్క లీ పుస్తకమునఁ గలవు. ఇవియన్నియు నమెరికాఖండమునుండి సముద్రము దాఁటివచ్చి తెలుఁగుపెరళ్లలోఁ బాతుకొన్నవే. తెలుఁగుపాఠకుఁ డీ పటములను జూచినప్పుడు మొక్కలు చుట్టములవలెను, పురుగులు పరదేశులవలెను దోఁచును.

ఇఁక వివాదమునకు మూలమగు 18వ పటము. జామకొమ్మపై బలిష్ఠమైన రోమశపు సాలెపురుగు హమ్మింగుపక్షిని వెల్లకిలఁ బడవైచి పీల్చుచున్నది, ప్రక్కనే పక్షిగూఁడు. ఆకులు కత్తిరించు చీమలు కొమ్మవెంబడి బారులు తీఱియున్నవి. చీమలు దొరకనిచో నీ సాలెపురుగులు చిన్నపక్షులను గూండ్లనుండి లాగికొనునని వ్యాఖ్య. ఈ పటమును నమ్మియే లినేయసు 1758లో నా సాలెపురుగునకుఁ 'బక్షులను బట్టునది' యను నర్థము వచ్చునట్లు 'అవికులారియా' యని పేరు పెట్టెను. వెస్టిండీసు దీవులలో నుండిన లాన్స్‌డౌను గిల్డింగను పాదిరి వ్రాసిన ఖండనము 1834లో వెలువడినది. సాలెపురుగు పక్షిని దినుట కల్లయని యతనివాదము. నీగ్రోబానిసల మాటలను నమ్మి వ్రాసిన స్త్రీ వ్రాఁతలని యతని యాక్షేపము. అతఁడు సూరినామున నడుగు పెట్టినవాఁడు కాఁడు. ప్రత్యక్షము లేనివాఁడు శబ్దమును గొట్టివేయుట యే న్యాయశాస్త్రమునను జెల్లదు. హెన్రీ వాల్టరు బేట్సు అమెజానునదీతీరమునఁ బదునొకండేండ్లు తిరిగి 1863లోఁ బ్రకటించిన గ్రంథమున, అట్టి సాలెపురుగు పట్టిన రెండు చిన్నపక్షులను దాను గన్నులారఁ జూచితినని వ్రాసెను. ఒకటి చచ్చియుండెను, రెండవది చావఁబోవుచుండెను. ఆ పురుగునకుఁ బక్షి నిత్యాహారము కాదు. కాని పట్టుట నిజము.

ఈ కథను మేరియనుపక్షపాతు లెల్లరును జెప్పుదురు. 49వ పటముకథను మాత్రము మెల్లఁగా దాఁటిపోవుదురు. అందు దానిమ్మకొమ్మపైఁ గీచురాళ్లవంటి పురుగులును, బుఱ్ఱ ముందునకుఁ బొడుచుకొని వచ్చిన లాంతరుపురుగులును గలవు. కీచురాయినుండి లాంతరుపురుగు పుట్టునని యచ్చటి యిండియనులు తనకు నచ్చఁజెప్పిరని వ్రాసి, కీచురాయిదేహమునకు లాంతరుపురుగు తల యతికిన నడిమిదశనుగూడ నొకటి చిత్రించెను. అట్టి ప్రాణి లేదు. అవి రెండు వేఱువేఱు జాతులు. అంతకంటెఁ జిక్కైనది వెలుఁగుమాట. ఇండియనులు తెచ్చి యిచ్చిన యీ పురుగులను బెద్ద చెక్కపెట్టెలోఁ బెట్టఁగా రాత్రి చప్పుడై మెలఁకువ వచ్చినదఁట, పెట్టె తెఱవఁగా మంటవలె వెలుఁగు వచ్చినదఁట, భయపడి చేజార్చినదఁట. ఆ వెలుఁగున వార్తాపత్రికను జదువవచ్చునని కూడ వ్రాసెను. తరువాతి ప్రకృతిశాస్త్రజ్ఞు లా పురుగును బ్రదికించి చూచి, దానికి వెలుఁగు లేదని తేల్చిరి. లినేయసు పెట్టిన 'లాంతరు' పేరు మాత్రము నిలిచినది.

ఈ రెండుపటములను బ్రక్కప్రక్కఁ బెట్టి చూచినఁ బ్రామాణ్యప్రశ్న యెంత క్లిష్టమో తెలియును. సాలెపురుగువిషయమున శబ్దము గెలిచినది. కీచురాయి లాంతరుపురుగగు ననుటలో శబ్దము తప్పినది. వెలుఁగువిషయమున నామె ప్రత్యక్షమనియే చెప్పినది తప్పినది. కావున 'చూచినది నిజము, విన్నది యబద్ధము' అను తేలికసూత్ర మిచ్చట నక్కఱకు రాదు. గిల్డింగు చేసినట్లు చెప్పినవాని జాతిని బట్టి మాటను దూఁచుట యంతకంటె నక్కఱకు రాదు. ఆమె సాక్ష్యమునకు బలము పెంపకమున నున్నది. గ్రుడ్డునుండి ఱెక్కవఱకుఁ దన పెట్టెలోఁ బెరిగిన పురుగునుగూర్చి యామె చెప్పినది ప్రాయికముగా నిలిచినది. జర్మనీలో నామెకు దశాబ్దముల కాలము దొరకినది. ఒక్క గొంగళి యొకయేఁడు చచ్చిన మఱుసటి యేఁడు మరలఁ బెంపవచ్చును. సూరినామున దొరకినది రెండేండ్లు, అదియు జ్వరముతో. ఆ తొందరలోఁ గొన్ని పటములయందు గొంగళి యొకజాతిది, దానిప్రక్కని చిలుక మఱొకజాతిది యయ్యెను. ఆకులు కత్తిరించు చీమలను, ఇండ్లలోఁ జొచ్చి పురుగులను దినిపోవు దండుచీమలను నొక్కజాతిగాఁ గలిపివైచెను. లాంతరుపురుగుయొక్క దశల నామె పెంచి చూచినది కాదు. ఫ్రాంకుఫర్టునందలి మేరియను సూరినాములోని మేరియనుకంటెఁ బ్రమాణపురుషురాలు. సూరినాములోని మేరియను చిత్రకర్త్రిగా ఫ్రాంకుఫర్టు మేరియనును మించినది. ఈ భేదమును బాటింపక రెండుగ్రంథములను నొక్క త్రాసునఁ దూఁచుటవలననే స్తుతియు నిందయు రెండును దారి తప్పినవి.

శబ్దప్రమాణమునుగూర్చి మఱొకటి చెప్పవలసియున్నది. 45వ పటమునఁ గల పూవు తెలుఁగునాఁట రత్నగంధి యనఁబడునది. ఎఱుపు పసుపు కలిసిన రేకులు, పొడుగుపాటి కేసరములు గల యీ పూవు పూజలలోను, పెరళ్లలోను బరిచితము. పటము మిక్కిలి యందమైనది. దాని వ్యాఖ్య యందమైనది కాదు. డచ్చివారి బానిసత్వమునఁ గష్టములు పడు ఇండియనుస్త్రీలు తమబిడ్డలు తమవలె బానిసలు కాకుండుటకై యీ విత్తులు తిని గర్భములు పోఁగొట్టుకొందురని, గినీ, అంగోలా దేశములనుండి తేఁబడిన నల్లవారి స్త్రీలును నట్లే చేయుదురని, చచ్చిన తరువాతఁ దమదేశమున స్వతంత్రులై పుట్టుదుమను నమ్మకముతోఁ గొందఱు ప్రాణములే తీసికొందురని, ఇది వారినోటనే వింటినని యామె వ్రాసినది. ఓషధిగుణము చెప్పఁబోయి సంఘచరిత్ర చెప్పినది. ఆనాఁటి పురుషయాత్రికుల గ్రంథములలో నిట్టి మాట యరుదు. స్త్రీలు స్త్రీతోఁ జెప్పుకొన్న మాట యిది.

ఐనను నామెను గరుణామూర్తిగాఁ జిత్రించుట సత్యము కాదు. దారి కొట్టినవారు, పురుగులు తెచ్చినవారు, మొక్కల గుణములు చెప్పినవారు నామె బానిసలే. వారి మాటలను గ్రంథమున స్మరించినది గాని, యొక్కరి పేరైనను వ్రాయలేదు. తిరుగుప్రయాణమున నొక ఇండియనుస్త్రీని వెంటఁ దెచ్చికొన్నది. ఓడపట్టికలోనైన నామెకుఁ బేరు లేదు. ప్రతి గొంగళికి సంఖ్య యిచ్చి, దిన మిచ్చి, మొక్కపే రిచ్చిన గ్రంథకర్త్రి, తనకు సాక్షులైనవారిని బేరులేనివారినిగా విడిచినది. శాస్త్రదృష్టితోఁ జూచినను నిది లోపమే. శబ్దమునకుఁ బ్రామాణ్య మాప్తునిఁబట్టి కలుగును. ఆప్తుఁ డెవ్వఁడో తెలియనిచోఁ దరువాతివాఁడు దానిని బరీక్షింపలేఁడు.

పాఠపరిష్కరణము చేయు పండితులకుఁ బరిచయమైన చిక్కొకటి యీ గ్రంథములయందును గలదు. ఆమె 1717 జనవరి 13వ తేదీని ఆమ్‌స్టర్‌డామున మరణించెను. 1719లో వెలువడిన సూరినాముగ్రంథపుఁ గ్రొత్తకూర్పున అఱువది పటములు డెబ్బదిరెండైనవి. చేర్చినవానిలో నామె చేతివి కానివియుఁ గలవని పరిశోధకుల నిర్ణయము. తరువాతి ముద్రణములలో రంగులు వేసినవా రామె నెఱుఁగనివారు. ఆకుపచ్చ నీలమైనది, గోధుమవన్నె యెఱుపైనది. గిల్డింగు చేతఁ బట్టిన ప్రతియు నామె మరణానంతరపు ప్రతియే. తాళపత్రమునఁ బ్రక్షిప్తములను గవికే యంటగట్టి కవిని దూషించుట యెట్టిదో యిదియు నట్టిదే. ఆమె జీవించియుండఁగాఁ దన యింట రంగులు వేయఁబడిన ప్రతులలోఁ గొన్ని విశేషరీతివి. అచ్చొత్తిన కాగితము తడి యాఱకమున్నే దానిపై మఱొక కాగితము నొత్తి తీసిన యెదురచ్చు లవి. గీఁత మెత్తనై, రేకు నొక్కిన గుఱుతు లేక, దానిపై రంగువేసినపుడు చేతివ్రాఁత బొమ్మవలెనే కనఁబడును. ఆమె రంగుల నిర్ణయించుటకు నివియు, తోలుపత్రములపైని మూలచిత్రములును నాధారములు. మూలచిత్రములలో నొక పెద్దసంపుటము తరువాతఁ గొనఁబడి ఇంగ్లండురాజుల విండ్సరుకోటఁ జేరినది.

మఱొక భాగము రష్యాకుఁ బోయెను. 1717లోఁ బీటరుచక్రవర్తి వైద్యుఁడగు అరెస్కిను ఆమె చిత్రములను గొనెను. దొరొతేయా, ఆమె రెండవభర్త గెయోర్గు గ్సెల్లు అను చిత్రకారుఁడును సెయింటుపీటర్సుబర్గునకే పోయి చక్రవర్తి కొలువునఁ జేరిరి. వీరి కుమార్తె సలోమీ అబిగయీలు 1776లో గణితశాస్త్రజ్ఞుఁడు ఆయిలరునకు రెండవభార్య యయ్యెను. మేరియను మనుమరా లాయిలరు నిల్లాలైన సంగతి గణితపండితులలోఁ దఱచుగా నెవ్వరును దలఁపరు. గొంగళిగ్రంథపు మూఁడవభాగమును 1717లో దల్లిపేర వెలువరించినదియు నీ దొరొతేయాయే.

అరెస్కిను కొన్నవానిలో మేరియను స్వహస్తమున వ్రాసికొన్న పరిశీలనపుస్తక ముండెను. అతని యనంతర మది చక్రవర్తి సంగ్రహమునకును, తరువాత శాస్త్రపరిషత్తు గ్రంథాలయమునకును జేరి, 1976లో యథాతథముగా ముద్రింపఁబడువఱకుఁ బండితలోకమునకు దుర్లభమై యుండెను. తోలుపత్రపుఁ జిన్నతునకలపై నొక్కొక పురుగుబొమ్మ, నీలికాగితపుఁ జట్టములలోఁ బొదిగి, ప్రక్కపుటలోఁ దత్సంబంధమగు వివరణము. ముద్రితపటములలోఁ బూవుతో, కొమ్మతో, కూర్పుతో నలంకృతమై కనఁబడు ప్రాణు లిచ్చట నొంటిగా, చూచిననాఁ డున్నట్లే యున్నవి. ముద్రితగ్రంథమున సందేహము గలిగినచోట నిచ్చటి వ్రాఁతను జూచి, యది పెంచి చూచినదా, తెచ్చి యీయఁగా వ్రాసినదా యని పెక్కుచోట్ల నిర్ణయింపవచ్చును. సూరినాముపటములను బాఠాంతరములతో, ప్రాణినిర్ణయముతో మరలఁ బరిశీలించువా రీ పుస్తకమునే మాతృకగాఁ గొనుచున్నారు. అందు మొదటి వ్రాఁత 1660లో ఫ్రాంకుఫర్టునఁ దాఁ బెంచిన పట్టుపురుగునుగూర్చినది.